బల్ల మీది ప్రింటర్ బ్రౌజర్‌కి ఎందుకు కనబడదు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, దానికి తగ్గ ప్రాసెసర్ కావాలి. అవి లేని మిషన్లు విజయవాడ గవర్నర్‌పేటలోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ జిరాక్స్ కొట్లలో, నెట్ సెంటర్లలో ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటిని తుక్కు కింద అమ్మడం ఇష్టం లేనివాళ్లు విండోస్ బదులు లినక్స్ రకాలైన మింటో ఉబుంటూనో వేసుకుంటున్నారు. అంతా సాఫీగానే నడుస్తుంది. ఇంతలో ఒక కుర్రాడు హాల్ టికెట్ ప్రింటవుట్ కావాలని వస్తాడు. కంట్రోల్, పీ నొక్కితే ప్రింటర్ పేరు ఉండాల్సిన చోట 'సేవ్ టు పీడీఎఫ్' ఒక్కటే కూర్చుని ఉంటుంది. ప్రింటర్ బల్ల మీదే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, నిన్నటిదాకా విండోస్‌లో పనిచేసింది కూడా.

దీనికి నెట్‌లో వెతికితే పది రకాల మందులు దొరుకుతాయి. ఒకరు డ్రైవరు వేయమంటారు, ఒకరు ఫైర్‌వాల్ తీసేయమంటారు, ఇంకొకరు బ్రౌజర్‌నే మార్చమంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పైకి కనబడే లక్షణం ఒకటే అయినా లోపల రోగాలు నాలుగైదు ఉన్నాయి, అదీ తికమక. ఏ రోగమో తేలకుండా మందు వేస్తే బాగున్నది కూడా చెడుతుంది.

ఒక చిన్న మాట. కింద కమాండ్లను పలికేట్టుగా తెలుగులో ఇచ్చాం. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే నల్ల తెరలో) కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పాం.

## బ్రౌజర్ వెతకదు, అడుగుతుంది

లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ యూఎస్‌బీ తీగ పట్టుకుని వెళ్లి ప్రింటర్‌ని చూడవు. ఆ పని కప్స్ అనే సేవది. తెర వెనక నడుస్తూ, ఏయే ప్రింటర్లున్నాయో లెక్క పెట్టుకుని, వచ్చిన పనులను వరుసలో నిలబెట్టి పంపేది అదే. మైకేల్ స్వీట్ దీని తయారీ 1997లో మొదలుపెట్టారు, 1999లో జనంలోకి వచ్చింది. ఆపిల్ 2002లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.2లోకి తెచ్చుకుంది, 2007లో కోడ్‌నే కొనేసి స్వీట్‌నూ ఉద్యోగంలోకి తీసుకుంది. ఆయన 2019 చివర్లో బయటికి వచ్చేశారు. 2020 నుంచి లినక్స్ వైపు కప్స్‌ను ఓపెన్‌ప్రింటింగ్ బృందం చూసుకుంటోంది.

కప్స్ దృష్టిలో ప్రింటర్ అంటే బల్ల మీది పెట్టె కాదు, క్యూ. ఒక పేరు, ఒక చిరునామా, ఆ ప్రింటర్ భాషలోకి పేజీని మార్చే పద్ధతి. ఈ మూడూ కుదిరితేనే క్యూ తయారవుతుంది. క్యూ లేని ప్రింటర్ ఎంత ఖరీదైనదైనా కప్స్ జాబితాలో దానికి చోటు లేదు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సు ప్లాట్‌ఫాం మీద నిలబడే ఉండొచ్చు. ఎంక్వయిరీ కిటికీలో ఉన్నాయన పుస్తకంలో ఆ సర్వీసు ఎక్కకపోతే 'లేదండీ' అనే చెబుతాడు. బ్రౌజర్ ఆ కిటికీ ముందు నిలబడ్డ ప్రయాణికుడు. ప్లాట్‌ఫాం మీదికి తొంగిచూడడం దాని పని కాదు.

కాబట్టి జాబితా ఖాళీగా వచ్చిందంటే రెండే సంగతులు. కిటికీలో ఉన్నాయనకే తెలియదు, అంటే కప్స్‌కీ ప్రింటర్‌కీ మధ్య దారి తెగింది. లేదా ఆయనకు తెలిసినా ప్రయాణికుడు కిటికీదాకా రాలేకపోతున్నాడు, అంటే బ్రౌజర్‌కీ కప్స్‌కీ మధ్య తెగింది. మొదట తేల్చాల్సింది ఇదే.

## ఏ వైపు తెగిందో తేల్చే పరీక్ష

బ్రౌజర్ కాని ఇంకో ప్రోగ్రాంలో ప్రింట్ కొట్టి చూడాలి. పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి, డాక్యుమెంట్ వ్యూయర్‌లో తెరిచి కంట్రోల్, పీ నొక్కండి. అక్కడ ప్రింటర్ కనిపిస్తే కప్స్ బాగుంది, తప్పు బ్రౌజర్ వైపే. డ్రైవర్ల జోలికి వెళ్లనక్కర్లేదు. కుర్రాడి హాల్ టికెట్ కూడా ఈ దారిలోనే చేతికిచ్చి పంపేయొచ్చు, రోగం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. అక్కడా కనబడకపోతే బ్రౌజర్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా ఒరిగేదేమీ లేదు.

టెర్మినల్ అలవాటున్నవాళ్లకు ఇంకా సూటి దారి ఉంది. 'ఎల్‌పీస్టాట్ -ఆర్' కొడితే షెడ్యూలర్, అంటే కప్స్ సేవ, నడుస్తోందో లేదో ఒక్క ముక్కలో చెబుతుంది. నడవడం లేదంటే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కప్స్' కొట్టి మళ్లీ చూడాలి (సుడో అంటే అడ్మిన్ హోదాలో నడపమని). అయితే 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్' కొట్టినప్పుడు ఇనాక్టివ్ అని వచ్చినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. షేర్ చేసిన ప్రింటర్లు, చేతిలో పని లేనప్పుడు కప్స్ తనంతట తాను పడుకుని, ఎవరైనా అడిగినప్పుడు లేచేలా కొన్ని లినక్స్‌లలో అమర్చి ఉంటుంది.

తర్వాత 'ఎల్‌పీస్టాట్ -వీ'. ఇది శాశ్వతంగా కట్టిన క్యూలనూ వాటి చిరునామాలనూ చూపిస్తుంది. 'ఎల్‌పీస్టాట్ -ఈ' ఇంకొంచెం దూరం వెళ్లి, ఇప్పటికి క్యూ కట్టకపోయినా నెట్‌వర్క్‌లో తమను తాము చాటుకుంటున్న ప్రింటర్ల పేర్లు కూడా చెబుతుంది. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం మర్మం విడిపోతుంది. కొన్ని ప్రోగ్రాంలు కప్స్‌ని మొదటి జాబితా అడుగుతాయి, కొన్ని రెండోది అడుగుతాయి. అందుకే ఒక యాప్‌లో ఉన్న ప్రింటర్ ఇంకో యాప్‌లో మాయమవుతుంది. పైగా నెట్‌వర్క్ ప్రింటర్ జవాబివ్వడానికి ఒకటి రెండు సెకన్లు పట్టొచ్చు. మొదటిసారి ఖాళీగా ఉన్న జాబితా, ప్రింట్ పెట్టె మూసి మళ్లీ తెరిస్తే నిండడం ఈ ఆలస్యం వల్లే.

చాలామంది ఇంకో పరీక్ష చేస్తారు. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్:631 కొట్టి, కప్స్ సొంత పేజీ తెరుచుకుంటే 'బ్రౌజర్‌కి కప్స్ అందుతోంది కదా' అనుకుంటారు. ఆ పేజీని బ్రౌజర్ మామూలు వెబ్‌సైటులాగే తెరుస్తుంది. ప్రింటర్ల జాబితా మాత్రం లిబ్‌కప్స్ అనే లైబ్రరీ ద్వారా అడుగుతుంది. ఆ దారి వేరు, దానికుండే అడ్డంకులు వేరు. పేజీ తెరుచుకుంటే సేవ బతికి ఉందని మాత్రమే రుజువు.

## తీగ పెట్టినా పేరు రానిది: కెనాన్ ఎల్‌బీపీ2900 లెక్క

మన దగ్గర కొట్లలో విరివిగా కనబడే పాత లేజర్ ప్రింటర్లలో ఇదొకటి. దీన్ని లినక్స్‌కి తగిలించి నాలుగు చోట్ల చూస్తే జాబితా ఎలా తయారవుతుందో చక్కగా అర్థమవుతుంది.

'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కొట్టండి. కెనాన్ పేరు వస్తుంది, అంటే తీగ, పోర్టు, కరెంటు మూడూ బాగున్నాయి. 'సుడో ఎల్‌పీఇన్ఫో -వీ' కొట్టండి. యూఎస్‌బీ అని మొదలయ్యే చిరునామాతో ఇక్కడా వస్తుంది, అంటే కప్స్ కంటికి పెట్టె ఆనింది. 'ఎల్‌పీస్టాట్ -వీ' కొట్టండి. ఏమీ రాదు. బ్రౌజర్‌లోనూ రాదు. రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఆగిందన్నమాట. చిరునామా దొరికింది గానీ ఆ ప్రింటర్ భాష కప్స్‌కి రాదు. ఎల్‌బీపీ2900 మాట్లాడేది కెనాన్ సొంత భాష, దాని పేరు క్యాప్ట్. దానికి కెనాన్ వాళ్ల లినక్స్ డ్రైవరు వేసి, సీసీపీడీ అనే ఇంకో సేవని కూడా నడపాలి. ఆ సేవ ఆగితే క్యూ కనిపిస్తూనే ఉంటుంది, కాగితం మాత్రం కదలదు. పాత డ్రైవరు 32 బిట్ లైబ్రరీలను అడుగుతుంది కాబట్టి నేటి 64 బిట్ లినక్స్‌లో వాటిని విడిగా వేసుకోవాలి. ఔత్సాహికులు రాసిన క్యాప్ట్‌డ్రైవర్ అనే ఉచిత ప్రత్యామ్నాయం కూడా ఉంది.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తీరు ఇంకోలా ఉంటుంది. ఆ ప్రింటర్ ఫర్మ్‌వేర్‌ని, అంటే తనను నడిపే లోపలి ప్రోగ్రాంని, తనలో దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. అందుకు హెచ్‌పీ వాళ్ల హెచ్‌పీలిప్ ప్యాకేజీతో పాటు 'హెచ్‌పీ-ప్లగిన్' కమాండ్‌తో వచ్చే, కోడ్ బయటపెట్టని ప్లగిన్ కావాలి. ఆ ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ మారి ప్లగిన్ పాతదే మిగిలితే నిన్న పనిచేసిన ప్రింటర్ ఇవాళ మొరాయిస్తుంది. వేసవిలో కరెంటు పోయి వచ్చాక ఈ ప్రింటర్ జాబితాలో ఉండి కూడా ప్రింట్ ఇవ్వకపోతే అనుమానించాల్సింది ఫర్మ్‌వేర్‌నే, బ్రౌజర్‌ని కాదు. ప్లగిన్ వద్దనుకునేవాళ్లకు ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవరు ఉంది. రెండింటిలో ఏదో ఒకటే ఉంచుకోవడం మంచిది, ఒకే ప్రింటర్ కోసం రెండూ పోటీ పడతాయి.

ఎప్సన్ ఇంక్‌ట్యాంకుల్లో చాలావాటికి డెబియన్, ఉబుంటు, మింట్ మూడింటిలోనూ 'ప్రింటర్-డ్రైవర్-ఈఎస్‌సీపీఆర్' ప్యాకేజీ సరిపోతుంది.

## డ్రైవరు అక్కర్లేదంటారు, నిజమేనా?

కొత్త ప్రింటర్ల విషయంలో చాలావరకు నిజమే. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చాక ప్రింటర్ కంపెనీలు ఐపీపీ అనే ఉమ్మడి భాషని పెట్టెల్లో విరివిగా పెట్టసాగాయి. ప్రింటర్ తన కాగితం సైజులు, రంగు ఉందో లేదో, రెండు వైపులా వేస్తుందో లేదో తానే చెబుతుంది, కప్స్ దాన్ని బట్టి క్యూ కడుతుంది. వైఫై ప్రింటర్లకే కాదు, యూఎస్‌బీ తీగతో పెట్టినవాటికీ ఇదే వాటం. తీగ మీద ఐపీపీ మాట్లాడే ప్రింటర్‌ని ఐపీపీ-యూఎస్‌బీ అనే చిన్న సేవ పట్టుకుని, మన కంప్యూటర్‌లోపలే 60000 నుంచి మొదలయ్యే పోర్టు మీద, అదేదో నెట్‌వర్క్ ప్రింటర్ అన్నట్టు చూపిస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ సేవ 'ఇదిగో ప్రింటర్' అని చాటేది అవాహీ అనే మరో సేవ ద్వారా. నెట్‌వర్క్ ప్రింటర్ లేదు కదా, అవాహీ ఎందుకని ఎవరో భద్రత పేరుతో దాన్ని ఆపేస్తారు. ఆ తర్వాత తీగతో ఉన్న ప్రింటరే మాయమవుతుంది! రెండో చిక్కు పాత క్యూలతో. ఒకసారి ఐపీపీ-యూఎస్‌బీ ప్రింటర్‌ని పట్టుకున్నాక, అంతకుముందు హెచ్‌పీలిప్‌తో గానీ యూఎస్‌బీ చిరునామాతో గానీ కట్టిన క్యూకి ఆ తీగ అందదు. పేరు జాబితాలో ఉంటుంది, పని మాత్రం జరగదు. రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. డ్రైవర్‌లెస్ చాలనుకుంటే పాత క్యూ తీసేయాలి. హెచ్‌పీలిప్‌లోని టోనర్ లెక్కలూ మరమ్మతు మెనూలూ కావాలంటే ఐపీపీ-యూఎస్‌బీని ఆపాలి.

ఎల్‌బీపీ2900, లేజర్‌జెట్ 1020 లాంటి పాతవాటికి ఈ ఉమ్మడి భాష రాదు. డ్రైవర్‌లెస్ గురించి రాసిన సలహాలు వాటికి వర్తించవు. ఇంకో సంగతి, కప్స్ తర్వాతి పెద్ద వెర్షన్ 3.0 పాత పీపీడీ (ప్రింటర్ వివరాల ఫైలు) పద్ధతి డ్రైవర్లను వదిలేసే దిశగా ఉంది. పాత ప్రింటర్లను ప్రింటర్ అప్లికేషన్ అనే చిన్న ప్రోగ్రాంల ద్వారా ఐపీపీ ప్రింటర్లలాగా చూపించాలన్నది ఓపెన్‌ప్రింటింగ్ ఆలోచన. కోడ్ శుభ్రపడుతుంది, భద్రత పెరుగుతుందన్నది వాళ్ల వాదన. ఇరవై ఏళ్ల ప్రింటర్ ఇంకా రోజుకి రెండు రీములు లాగేస్తున్న కొట్టువాడికి అది అదనపు బరువు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

## ఫోనుకి కనిపించేది కంప్యూటర్‌కి కనబడదు

వైఫై ప్రింటర్ ఫోనులో దొరికి లినక్స్‌లో దొరకకపోతే, చాటింపు ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. ప్రింటర్ తన ఉనికిని 224.0.0.251 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ చేరే) చిరునామాకి, యూడీపీ 5353 పోర్టు మీద చాటుతుంది. ఆ కేక కంప్యూటర్‌లోని అవాహీకి వినబడాలి. 'అవాహీ-బ్రౌజ్ -ఆర్‌టీ _ఐపీపీ._టీసీపీ' కొడితే వినబడుతోందో లేదో తేలిపోతుంది.

వినబడకపోతే మొదట రూటర్ వైపు చూడండి. గెస్ట్ వైఫైలోనూ, ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసోలేషన్ పెట్టిన వైఫైలోనూ ఒక పరికరానికి ఇంకోటి కనబడదు. వచ్చేపోయేవాళ్లకు వైఫై ఇచ్చే సెంటర్లలో ఇది కావాలనే పెడతారు, పెట్టడం సబబే కూడా. కాకపోతే కొట్టు కంప్యూటర్, ప్రింటర్ రెండూ గెస్ట్ కాని అసలు నెట్‌వర్క్‌లో ఉండాలి. వీపీఎన్ కూడా ఇలాగే స్థానిక నెట్‌వర్క్‌ని మూసేయగలదు, ఒకసారి ఆపి చూస్తే తెలుస్తుంది.

ఫైర్‌వాల్‌ని అందరూ మొదట అనుమానిస్తారు. ఉబుంటు, మింట్‌లలోని యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ తనతో వచ్చే నియమాల్లోనే ఈ మల్టీకాస్ట్ చాటింపుని వదిలిపెడుతుంది. ఎవరైనా ఆ నియమాలను బిగిస్తే తప్ప అది నేరస్థుడు కాదు. ఫైర్‌వాల్‌డీ అనే ఇంకో ఫైర్‌వాల్ వాడే లినక్స్‌లలో జోన్ కఠినంగా ఉంటే 'సుడో ఫైర్‌వాల్-సీఎండీ --పర్మనెంట్ --యాడ్-సర్వీస్=ఎండీఎన్ఎస్' కొట్టి, తర్వాత '--రీలోడ్' ఇవ్వాలి. మొత్తం ఫైర్‌వాల్ తీసేయమనే సలహా మాత్రం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టడమే.

చాటింపుతో పని లేకుండా నేరుగా క్యూ కట్టే మార్గం కూడా ఉంది. ప్రింటర్ ఐపీ 192.168.1.50 అనుకుందాం. 'సుడో ఎల్‌పీఅడ్మిన్ -పీ కొట్టు -ఈ -వీ ఐపీపీ://192.168.1.50/ఐపీపీ/ప్రింట్ -ఎం ఎవ్రీవేర్'. ఇందులో 'కొట్టు' మనం పెట్టిన పేరు, ఇంగ్లీషక్షరాల్లో ఖాళీలు లేకుండా ఏదైనా పెట్టుకోవచ్చు. విడిగా ఉన్న -ఈ మాత్రం పెద్దక్షరం, అది -పీ తర్వాతే రావాలి. ఇలా కట్టింది శాశ్వత క్యూ కాబట్టి ఏ బ్రౌజర్ అయినా చూడగలదు. లోటు ఒక్కటే. రూటర్ రేపు ఆ ప్రింటర్‌కి వేరే ఐపీ ఇస్తే పేరు ఉంటుంది, ప్రింట్ ఉండదు. అందుకే రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (పరికరం సొంత గుర్తింపు నంబరుకి) ఆ ఐపీని కట్టిపడేయాలి.

## 2024 సెప్టెంబరు తర్వాత మాయమైన ప్రింటర్లు

నెట్‌వర్క్‌లో వినబడ్డ ప్రింటర్లకు క్యూలు కట్టిపెట్టే సేవ ఒకటుంది, పేరు కప్స్-బ్రౌజ్డ్. 2024 సెప్టెంబరు 26న సిమోనె మార్గరిటెల్లి అనే భద్రతా పరిశోధకుడు ఇందులోనూ దీని చుట్టూ ఉన్న లైబ్రరీల్లోనూ లోపాలు బయటపెట్టారు. కప్స్-బ్రౌజ్డ్‌లోని లోపం నంబరు సీవీఈ-2024-47176. ఆ సేవ యూడీపీ 631 పోర్టు మీద ఎవరు ఏం చెప్పినా వినేది. దాడి చేసేవాడు ఒక్క ప్యాకెట్‌తో దొంగ ప్రింటర్‌ని జాబితాలోకి ఎక్కించగలిగేవాడు. వాడకందారు ఆ ప్రింటర్‌కి పని పంపితే, దాడి చేసినవాడి కమాండ్ ఆ కంప్యూటర్‌లో నడిచేది.

ఆ వారంలో వచ్చిన సలహా 'కప్స్-బ్రౌజ్డ్ ఆపేయండి, 631 యూడీపీ మూసేయండి' అని. చాలామంది ఆపేశారు, ఆపేసిన సంగతి మరిచిపోయారు. తర్వాతెప్పుడో బ్రౌజర్‌లో ఆఫీసు ప్రింటర్ లేదని తలపట్టుకున్నారు.

ఇప్పుడు దాన్ని మళ్లీ వేయాలా అన్నది వాదన. వద్దనేవాళ్లు చెప్పేదిదీ. డ్రైవర్‌లెస్ ప్రింటర్లను కప్స్, అవాహీ కలిసి తామే పట్టగలవు, మధ్యలో ఇంకో సేవ అనవసరం, తలుపులు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది. వేయమనేవాళ్లకూ కారణముంది. శాశ్వత క్యూలు మాత్రమే అడిగే ప్రోగ్రాంలకు కప్స్-బ్రౌజ్డ్ లేకపోతే నెట్‌వర్క్ ప్రింటర్లు కనబడవు. పైగా ఉబుంటు తన సవరణలో ఆ పాత వినికిడి పద్ధతినే తీసేసింది. మా అంచనా అడిగితే, ఒకటో రెండో ప్రింటర్లున్న కొట్టుకి అది అక్కర్లేదు, పైన చెప్పినట్టు చేత్తో క్యూ కట్టుకుంటే చాలు. అంతస్తుకో ప్రింటర్ ఉన్న కాలేజీకో ఆఫీసుకో కావాలి. అక్కడ ముందు అప్‌డేట్లు వేసి, '/ఈటీసీ/కప్స్/కప్స్-బ్రౌజ్డ్.కాన్ఫ్' ఫైల్లో బ్రౌజ్‌రిమోట్‌ప్రోటోకాల్స్ వరుసలో 'డీఎన్ఎస్ఎస్‌డీ' ఒక్కటే ఉంచి వాడుకోవచ్చు.

## బ్రౌజర్ వైపు తెగితే

డాక్యుమెంట్ వ్యూయర్‌లో ప్రింటర్ ఉంది, బ్రౌజర్‌లో లేదు. అప్పుడు మొదటి ప్రశ్న, బ్రౌజర్ ఏ రూపంలో వచ్చింది? ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోనే వస్తోంది. స్నాప్ అంటే కంచె లోపల నడిచే యాప్, బయటి వస్తువు ఏది ముట్టుకోవాలన్నా ఒక గేటు తెరిచి ఉండాలి. ప్రింటింగ్ గేటు పేరు కప్స్-కంట్రోల్. 'స్నాప్ కనెక్షన్స్ ఫైర్‌ఫాక్స్' కొట్టి కప్స్ ఉన్న వరుస చూడండి. స్లాట్ గడిలో చిన్న గీత మాత్రమే ఉంటే గేటు మూసి ఉందని అర్థం. 'సుడో స్నాప్ కనెక్ట్ ఫైర్‌ఫాక్స్:కప్స్-కంట్రోల్' కొట్టి, బ్రౌజర్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవాలి. ఒక ట్యాబ్ మూసి తెరిస్తే చాలదు.

కంచెకి ఇంకో కోణం ఉంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను స్నాప్ యాప్ చదవలేదు. మీ ప్రింటర్ అమరిక హోమ్‌లోని '.కప్స్' ఫోల్డర్‌లో ఉంటే టెర్మినల్‌కి అందుతుంది, స్నాప్ ఫైర్‌ఫాక్స్‌కి అందదు. ఆ అమరికని '/ఈటీసీ/కప్స్' కిందికి మార్చుకోవడం తేలిక.

ఈ కంచె మీద లినక్స్ లోకంలో ఏళ్ల తరబడి రగడ నడుస్తోంది. రోజంతా తెలియని సైట్లు తెరిచే నెట్ సెంటర్‌లో బ్రౌజర్ కంచెలో ఉండడం మేలేనని ఒకరంటారు. కంచె సరే, ప్రింటర్‌దాకా దారి వేయకుండా కంచె కట్టడమేమిటని ఇంకొకరంటారు. వద్దనుకునేవాళ్లకు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లానే 2024 జనవరిలో, ఫైర్‌ఫాక్స్ 122తో మొదలుపెట్టి, సొంత డెబ్ ప్యాకేజీ (కంచె లేని మామూలు రూపం) ఇస్తోంది. మింట్‌లో ఈ గొడవే లేదు. మింట్ 20 నుంచి స్నాప్‌ని అది గుమ్మంలోనే ఆపేసి, ఫైర్‌ఫాక్స్‌ని మామూలు ప్యాకేజీగా ఇస్తోంది. మింట్ వాడుతూ స్నాప్ సలహాలు పాటించడం దండగ.

స్నాప్‌లాగే కంచె ఉండే ఫ్లాట్‌పాక్ రూపంలో వేసుకుంటే ఫ్లాట్‌సీల్ అనే యాప్ తెరిచి ఆ బ్రౌజర్ కింద 'ప్రింటింగ్ సిస్టమ్' మీట వేసి ఉందో లేదో చూడాలి. ఆర్చ్ లాంటి, ముక్కలు ఏరుకుని కట్టుకునే లినక్స్‌లలో కప్స్ లైబ్రరీయే వేసి ఉండకపోవచ్చు. బ్రౌజర్ దాన్ని పిలుస్తుంది, పలకదు, జాబితాలో పీడీఎఫ్ ఒక్కటే మిగులుతుంది.

క్రోమ్‌లో చాలాసార్లు అసలు తప్పే ఉండదు. డెస్టినేషన్ గడిలో అది ఈమధ్య వాడిన ప్రింటర్లే చూపిస్తుంది. 'సీ మోర్' నొక్కితే పూర్తి జాబితా వస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కితే క్రోమ్ పెట్టెని పక్కనపెట్టి సిస్టమ్ ప్రింట్ పెట్టె తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ ప్రింట్ పెట్టె అడుగున సిస్టమ్ డైలాగ్ లింకు ఉంటుంది. కాలేజీ, ఆఫీసు మిషన్లలో అడ్మిన్ పెట్టిన పాలసీ వల్ల కూడా ప్రింటర్లు దాగుతాయి. అడ్రస్ బార్‌లో 'క్రోమ్://పాలసీ' తెరిచి ప్రింటర్‌టైప్‌డినైలిస్ట్ అనే పేరుందేమో చూడండి. ఉండి, దాని విలువలో 'లోకల్' ఉంటే కప్స్ ప్రింటర్లను కావాలనే దాచారు. ఇక గూగుల్ క్లౌడ్ ప్రింట్ గురించి చెప్పే పాత సలహాలు పట్టించుకోకండి, ఆ సేవ 2020 డిసెంబరు 31తోనే మూతబడింది.

ఫైర్‌ఫాక్స్ జాబితా బాగానే ఉండి, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్‌నే పట్టుకుని వేలాడుతుంటే 'అబౌట్:కాన్ఫిగ్'లో ప్రింట్_ప్రింటర్ అని వెతికి, దొరికిన విలువని రీసెట్ చేయాలి.

## అన్నీ బాగుండి కూడా జాబితా ఖాళీ

చివరగా, పైన చెప్పిన పరీక్షలనే తికమకపెట్టే సందర్భం ఒకటి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టు అనుకోండి. తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) బ్రౌజర్‌లోంచే ప్రింట్ చేస్తారు. ఒకప్పుడు మూలనున్న పాత కంప్యూటర్, 192.168.1.10, అందరికీ ప్రింట్ సర్వర్‌గా ఉండేది. అది పోయాక ప్రింటర్‌ని ఈ కంప్యూటర్‌కే యూఎస్‌బీతో తగిలించారు. లోకల్‌హోస్ట్:631 పేజీలో క్యూ కట్టారు, అక్కణ్ణుంచి టెస్ట్ పేజీ కూడా బ్రహ్మాండంగా వచ్చింది. అయినా ఫైర్‌ఫాక్స్‌లో ప్రింటర్ లేదు, క్రోమ్‌లో లేదు, డాక్యుమెంట్ వ్యూయర్‌లో 'గెటింగ్ ప్రింటర్ ఇన్ఫర్మేషన్ ఫెయిల్డ్' అంటోంది. 'ఎల్‌పీస్టాట్ -వీ' కొడితే చాలాసేపు ఆగి తప్పు చూపిస్తోంది.

కప్స్ బాగుంది, ప్రింటర్ బాగుంది, బ్రౌజరూ బాగుంది. తేడా వాళ్లు వెళ్లే కిటికీలో ఉంది. 'ఎల్‌పీస్టాట్ -హెచ్' కొట్టాలి, హెచ్ పెద్దక్షరం. ప్రోగ్రాంలు ఏ కప్స్‌ని అడుగుతున్నాయో అది చెబుతుంది. సొంత కంప్యూటర్‌నే అడుగుతుంటే మామూలుగా '/రన్/కప్స్/కప్స్.సాక్' అని వస్తుంది. ఇక్కడ 192.168.1.10:631 అని వచ్చింది. ఎప్పుడో '/ఈటీసీ/కప్స్/క్లయింట్.కాన్ఫ్' ఫైల్లో రాసిన సర్వర్‌నేమ్ వరుస ఇంకా అక్కడే ఉంది. లిబ్‌కప్స్ వాడే ప్రతి ప్రోగ్రామూ చచ్చిపోయిన సర్వర్ తలుపే తడుతోంది. అడ్రస్ బార్‌లో కొట్టిన లోకల్‌హోస్ట్ మాత్రం ఆ ఫైల్‌ని చూడకుండా నేరుగా ఈ కంప్యూటర్‌కే వెళ్లింది, అందుకే అక్కడ అంతా పచ్చగా కనబడింది.

సుడోతో ఆ ఫైలు తెరిచి సర్వర్‌నేమ్ వరుస ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టాలి, అప్పుడు ఆ వరుస లెక్కలోకి రాదు. హోమ్‌లోని '.కప్స్' ఫోల్డర్‌లో కూడా అదే పేరుతో ఫైలుంటే దాన్నీ చూడాలి. 'ఎకో $కప్స్_సర్వర్' కూడా కొట్టి చూడాలి. ఇందులో డాలరు తర్వాతి అక్షరాలన్నీ పెద్దవి, జవాబు ఖాళీగా రావాలి. మళ్లీ 'ఎల్‌పీస్టాట్ -హెచ్' సాకెట్ పేరు చూపించాక, బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరిస్తే తక్‌పట్టీ ప్రింటర్ జాబితాలో ఉంటుంది.